నాన్న పోయే ముందు అంగడి మసీదుకు ఇచ్చేశానన్నాడు, ఇప్పుడు ఇంట్లో రోజూ రచ్చ

కారందోసె (కడప)

అందరికీ సలాం, నమస్తే. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మాది కడప, నేను ఉద్యోగానికి బెంగళూరులో ఉంటాను. నాన్నకు మూడేళ్లుగా డయాలసిస్. పోయిన రంజాన్‌లో పెద్దరాత్రి రోజు, తరావీ నమాజ్ అయ్యాక, మా వీధి మసీదు ఇమాం సాబ్ పలకరించడానికి ఇంటికి వచ్చారు. నాన్న ఆయన ముందు, పక్కింటివాళ్లు ఇద్దరి ముందు, "బజారులో అంగడి ఉంది కదా, దాన్ని మసీదుకు వక్ఫ్ చేసేశా. ఇక బాడుగ మసీదుకే పోవాల" అన్నాడంట. వక్ఫ్ అంటే దేవుడి పేరున శాశ్వతంగా వదిలేయడం. అమ్మ, అన్న కూడా అక్కడే ఉన్నారు. నేను మర్నాడు చేరుకున్నాను. పండుగైన నాలుగో రోజు నాన్న పోయాడు.

అంగడి అంటే పక్కపక్కన రెండు గదులు. మూల గదిలో సెల్‌ఫోన్ షాపు, రెండోదాంట్లో టైలర్. రెండూ నాన్న సొంత సంపాదన.

అన్న ఒప్పుకోవడం లేదు. "మందుల మత్తులో ఏదో అన్నాడు, కాగితం లేదు, రిజిస్ట్రేషన్ లేదు, చెల్లదు" అంటాడు. అమ్మ ఒక్కటే మాట: "ఆయన నోటితో అన్నాడు, నా చెవులతో విన్నా." మధ్యలో నేను. నాకు అంగడి మీద ఆశ లేదు, కానీ అన్నతో మాటలు పోతాయేమోనని టెన్షన్. చట్టం ఏమంటుందో, దీన్ ఏమంటుందో తెలిసినవాళ్లు చెప్పండి.

పోస్టాఫీసు వీధి

ముందు ఇమాం సాబ్‌ను అడగండి, తర్వాత లాయరును. ఇద్దరిలో ఒకరే ఫీజు అడుగుతారు.

నల్లకోటు (కర్నూలు)

ఫీజు లేకుండానే చెప్తాను, పోస్టాఫీసు గారూ. కారందోసె, మూడు సంగతులు కావాలి. ఒకటి, నాన్నగారు ఆ మాట అన్నది ఏ తేదీన? కాలెండర్ చూసి రాయండి, "పోయిన రంజాన్" అంటే కుదరదు. రెండు, తర్వాత ఏదైనా కాగితం రాశారా? మూడు, అంగడి కాక ఇంకేం ఆస్తి ఉంది, అప్పులేమున్నాయి, వారసులు ఎవరెవరు?

కారందోసె

తేదీ 2025 మార్చి 27 రాత్రి సార్. నాన్న పోయింది ఏప్రిల్ మొదటి వారంలో, పండుగ మార్చి 31 కదా.

కాగితం లేదు. రేపు రాద్దాం, ఎల్లుండి రాద్దాం అనుకుంటూనే అయిపోయింది.

మా అంచనా ప్రకారం ఇల్లు 70 లక్షలు, అంగడి 60, ఊరి బయట రెండెకరాలు 20. ఆసుపత్రికి, చుట్టాలకు కలిపి 6 లక్షల అప్పు. అమ్మ, అన్న, నేను, ఆపా (అక్క). ఆపాకు పెళ్లయింది, ప్రొద్దుటూరులో ఉంటుంది.

తేదీ ఎందుకు అంత ముఖ్యం?

నల్లకోటు

ఎందుకంటే 2025 వక్ఫ్ సవరణ చట్టం అమల్లోకి వచ్చింది ఏప్రిల్ 8న. ఆ రోజు నుంచి దస్తావేజు, అంటే వక్ఫ్‌నామా, రాయకుండా కొత్త వక్ఫ్ పుట్టదు. మీ నాన్నగారు దానికి పన్నెండు రోజుల ముందే అనేశారు. పాత లెక్కలో నోటిమాటతో వక్ఫ్ అవుతుంది. హనఫీ న్యాయ సంప్రదాయంలో పాతకాలం పండితుడు అబూ యూసుఫ్ అభిప్రాయం ఏమిటంటే, యజమాని "వక్ఫ్ చేశాను" అని స్పష్టంగా చెప్పిన క్షణంలోనే అది పూర్తయినట్టు. ఆస్తిని ముతవల్లి, అంటే వక్ఫ్‌ను చూసుకునే మనిషి, చేతికి అప్పగిస్తే గానీ కాదన్నది అదే సంప్రదాయంలో ఇంకో పండితుడు ఇమాం ముహమ్మద్ అభిప్రాయం. మన కోర్టులు ఎక్కువగా మొదటిదాన్నే పట్టుకున్నాయి.

మీ కేసులో కాగితం లేకపోవడం ఒక రకంగా మేలే. నూరు రూపాయల స్టాంపు పేపరు మీద "ఇందుమూలంగా ఇస్తున్నాను" అని రాసి రిజిస్టర్ చేయకుండా వదిలేసి ఉంటే, ఆ కాగితం కోర్టులో చెల్లకుండా పోయేది. నోటిమాటకు ఆ అడ్డు లేదు, సాక్షులు కావాలి. మీకు నలుగురైదుగురు ఉన్నారు, వాళ్లలో ఒకరు మీ అన్నే.

ఇక అసలు చిక్కు "మత్తు" కాదు. మర్జుల్ మౌత్, అంటే చావుకు దారితీసిన జబ్బు. ఆ జబ్బులో, పోతానన్న భయంతో ఉన్న మనిషి చేసిన వక్ఫ్ వీలునామాతో సమానం. అప్పులు, ఖర్చులు పోగా మిగిలిన మొత్తం ఆస్తిలో మూడో వంతు వరకే చెల్లుతుంది. మిగతాది వారసులు ఒప్పుకుంటేనే. మూడో వంతు అంటే అంగడిలో మూడో వంతు కాదు, మొత్తం ఆస్తిలో. చాలామంది ఇక్కడే పొరపడతారు.

మీ లెక్క: 70, 60, 20 కలిపి 150. అప్పు 6 తీస్తే 144. మూడో వంతు 48. అంగడి 60. అంటే అంగడిలో 48 లక్షల మేర ఎవరు అవునన్నా కాదన్నా వక్ఫే. మిగిలిన 12 లక్షల మాటే మీ ఇంటి పంచాయితీ.

హంద్రీ గట్టు

సార్, డయాలసిస్ మూడేళ్ల నుంచి అంటున్నారు కదా. ఏడాది దాటిన జబ్బు మర్జుల్ మౌత్ కాదని చదివినట్టు గుర్తు. అప్పుడు మొత్తం అంగడి వక్ఫే కదా?

నల్లకోటు

మంచి పాయింటు. దీర్ఘకాలం సాగిన జబ్బుకు మనిషి అలవాటు పడతాడు, చావు భయం పోతుంది, అందుకే ఏడాది దాటితే మామూలు మనిషి కిందే లెక్క. కానీ చివర్లో జబ్బు ఒక్కసారిగా ముదిరితే మళ్లీ అక్కడి నుంచి మర్జుల్ మౌత్ మొదలవుతుంది. ఆ చివరి నెలలో ఆయన మామూలుగా బజారుకు వెళ్లొచ్చేవారా, మంచం పట్టారా అన్నది చూడాలి. కారందోసె, జవాబు ఇక్కడ రాయనక్కర్లేదు, మీకు తెలిస్తే చాలు.

కారందోసె

రాస్తాను సార్, దాచేదేముంది. మార్చి మొదటి వారంలోనే మంచం పట్టాడు.

గోరింటాకు (కర్నూలు)

అందరూ అప్పులు 6 లక్షలు అని రాసుకుంటున్నారు. మీ అమ్మగారి మహర్, అంటే నికాలో మొగుడు పెళ్లానికి ఇస్తానని రాసిన సొమ్ము, తీరిందా, బాబూ? తీరకపోతే అది కూడా అప్పే. ఆసుపత్రి బాకీ ఎట్లాగో అదీ అట్లాగే, వాటాల కంటే ముందు కట్టాలి. మన ఇళ్లలో ఈ ఒక్క అప్పు మాత్రం ఎవరికీ గుర్తుండదు.

కారందోసె

అమ్మను ఫోన్లో అడిగాను. నికాలో రెండు తులాల బంగారం రాశారంట, ఇవ్వలేదు. కానీ నాన్నను ఖబరస్తాన్‌కు తీసుకెళ్లే ముందు ఎవరో పెద్దావిడ "మాఫ్ చేశానని చెప్పమ్మా, ఆయనకు భారం తగ్గుతుంది" అంటే అమ్మ మాఫ్ చేసేసిందంట.

గోరింటాకు

అదే, అదే. మొగుడి శవం ముందు నిలబెట్టి, నలభై మంది చూస్తుండగా అడిగితే ఏ ఆడది కాదంటుంది? అలాంటి దుఃఖంలో చేసిన మాఫీ మనస్ఫూర్తిగా చేసినట్టు కాదని కోర్టులు కూడా చెప్పాయి. ఇప్పుడు, తీరిగ్గా, ఎవరూ పక్కన లేనప్పుడు మళ్లీ అడగండి. వద్దంటే వద్దు. అడగడం మీ బాధ్యత.

నా కోపానికి కారణం ఉంది. మా ముత్తాత కర్నూలులో తన ఇళ్లు వక్ఫ్-అలల్-ఔలాద్ రాసి పెట్టాడు, అంటే బాడుగలు తన సంతానానికి, వంశం అంతరిస్తే బీదలకు. "సంతానం" అని రాసిన చోట "మగ సంతానం" అని రాశాడు. మా జేజికి అందలేదు, మా అమ్మకు అందలేదు, నాకు అందలేదు. షరియత్ ప్రకారం ఆడపిల్లకు రావలసిన సగం వాటా కూడా దేవుడి పేరు చెప్పి లేకుండా చేశారు.

నల్లకోటు

గోరింటాకు గారు చెప్పినదానికి కొంచెం చరిత్ర ఉంది. 1894లో లండన్ ప్రీవీ కౌన్సిల్ (అప్పట్లో మనకు అదే అన్నిటికంటే పై కోర్టు) ఒక కలకత్తా కేసులో, సంతానం కోసం రాసుకున్న వక్ఫ్‌లో బీదలకు దక్కేది పేరుకే కాబట్టి చెల్లదని కొట్టేసింది. దేశమంతా ముస్లింలు మండిపడ్డారు. చివరకు 1913లో ముసల్మాన్ వక్ఫ్ చెల్లుబాటు చట్టం వచ్చింది. ఆ బిల్లు పెట్టింది జిన్నా. దాని తర్వాత కుటుంబ వక్ఫ్‌లు చెల్లుబాటయ్యాయి. 2025 సవరణలో, అలాంటి వక్ఫ్ వల్ల ఆడ వారసుల హక్కు పోకూడదని ఒక మాట చేర్చారు. గోరింటాకు గారి ముత్తాత రాసిన పాత పత్రానికి అది వెనక్కి వెళ్లి పనిచేస్తుందా అన్నది వేరే యుద్ధం.

కారందోసె, మహర్ రెండు తులాలు అంటే ఇప్పటి రేటుకు 3 లక్షల దగ్గర అనుకుందాం. అప్పు 9 అవుతుంది. 141, మూడో వంతు 47. అంగడిలో వారసుల ఒప్పుదల కావలసింది 13 లక్షల మేర.

వేరుశనగ (అనంతపురం జిల్లా)

నాకో సందేహం, తప్పుగా అనుకోవద్దు. మాది నార్పల దగ్గర పల్లె. గూగూడు కుళ్లాయిస్వామి పీర్లకు జిల్లా అంతా కదులుతుంది, మా ఇంట్లో కూడా మొక్కు ఉంది. మా ముత్తాత మా ఊరి పీర్ల చావిడికి ఎకరా ముప్పై సెంట్లు వదిలాడు. మేము రెడ్లం. ఇప్పటికీ ఆ మడి మేమే సేద్యం చేసి, మొహర్రానికి గుండం కట్టెలకు, దీపాల నూనెకు ఇస్తాం. ఊర్లో అందరూ దాన్ని "పీర్ల మాన్యం" అంటారు. ఇది వక్ఫ్ అవుతుందా? హిందువు ఇస్తే అవుతుందా? మా గుడి మాన్యానికీ దీనికీ తేడా ఏంటి?

సైకిల్ భాయ్ (కడప)

అన్నా, తప్పేముంది. ఉగాది రోజు మా వాళ్లు దేవుని కడప వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్తారు, మీవాళ్లు పెద్ద దర్గా ఉరుసుకు వస్తారు. మన సీమలో ఇది కొత్త కాదు.

వక్ఫ్ అంటే "ఆపి పెట్టడం". ప్రవక్త అనుచరుడు ఉమర్ గారికి అరేబియాలోని ఖైబర్‌లో మంచి తోట వచ్చింది. ఏం చేయమంటారని ప్రవక్తను అడిగితే, నేలను ఆపి పెట్టు, ఫలాన్ని పంచు అన్నారు. అమ్మడానికి లేదు, దానం ఇవ్వడానికి లేదు, వారసులకు పోదు. నేను పది రూపాయలు బిచ్చం వేస్తే ఆ పది అక్కడే ఖర్చయిపోతుంది, అది సదఖా. చెట్టును అలాగే ఉంచి ఏటా కాయలు పంచితే వక్ఫ్. మీ గుడి మాన్యం కూడా ఇంచుమించు ఇదే కదా, స్వామి పేరున నేల, పంట నైవేద్యానికి.

నేను మా మసీదు కమిటీలో తొమ్మిదేళ్లు లెక్కలు రాశాను. మూడు అంగళ్ల బాడుగతో ఇమాం సాబ్ జీతం, మౌజన్ జీతం, కరెంటు బిల్లు, వజూ ఖానా మోటారు. శుక్రవారం చందా పళ్లెంలో వచ్చేది సున్నాలకు కూడా చాలదు. అందుకే కారందోసె నాన్నగారి అంగడి విషయం విన్నప్పుడు నిజం చెప్పాలంటే నాకు ఆశ పుట్టింది.

నల్లకోటు

వేరుశనగ గారూ, మీది కష్టమైన ప్రశ్న. 1995 చట్టంలో మొదట వక్ఫ్ చేసేవాడు ఇస్లాం పాటించేవాడు కావాలని ఉండేది. అయితే 104వ సెక్షన్ ఒకటి ఉండేది: ముస్లిం కానివాళ్లు మసీదుకో దర్గాకో ఈద్గాకో ఇచ్చిన ఆస్తి కూడా ఆ వక్ఫ్‌లో కలిసినట్టే. 2013లో "ఏ వ్యక్తి అయినా" అని మార్చారు. 2025లో దాన్ని తిప్పేసి కనీసం ఐదేళ్లుగా ఇస్లాం పాటిస్తున్నట్టు చూపాలన్నారు, 104ను తీసేశారు. ఆ ఐదేళ్ల షరతును రాష్ట్రాలు నియమాలు రాసేదాకా సుప్రీంకోర్టు 2025 సెప్టెంబర్ 15న ఆపింది. మీ ముత్తాత ఇచ్చింది వీటన్నిటికీ ముందు. మీరు చూడాల్సింది ఒక్కటే: ఆ సర్వే నంబరు వక్ఫ్ గెజిట్‌లో ఎక్కిందా లేదా.

సర్వే గొలుసు

రిటైర్డ్ సర్వేయర్ని, ఇక్కడ నా మాట కొంచెం పనికొస్తుందనుకుంటా. గెజిట్ కంటే ముందు ఇంకో పుస్తకం ఉంది, అందరూ దాన్ని మర్చిపోతారు. ఫెయిర్ ఇనాం రిజిస్టర్. మన జిల్లాలు 1800లో నిజాం నుంచి కంపెనీకి వచ్చాయి, దత్తమండలాలు. కర్నూలు నవాబును మాత్రం 1839లో దింపేసి కలుపుకున్నారు. నవాబులు, పాళెగాళ్లు మసీదుకూ గుడికీ ఖాజీకీ పూజారికీ ఇచ్చిన ఇనాములు ఊరూరా వేలల్లో ఉన్నాయి. 1858లో ఇనాం కమిషన్ పెట్టి 1860 ప్రాంతాల్లో ఒక్కో ఇనామునూ పరిశీలించి రిజిస్టర్లో ఎక్కించారు. ఎవరిచ్చారు, ఎవరికి, ఎందుకు, ఎన్ని ఎకరాలు, నీటికుంట ఉందా, అన్నీ. వేరుశనగ గారి పీర్ల మాన్యం అంతకంటే పాతదైతే అందులో ఉండాలి. ముత్తాత 1900 తర్వాత ఇచ్చి ఉంటే ఉండదు.

ఆ పుస్తకంలో ఒక్క కాలమ్ మీద మా డిపార్టుమెంటులో జీవితాలు గడిచిపోయాయి. ఇనాం ఇచ్చింది మసీదుకా, మసీదులో పని చేసే మనిషికా? "మసీదు నిర్వహణకు" అని ఉంటే సంస్థది. "ఫలానా ముల్లాకు, సేవ చేసినంత కాలం" అని ఉంటే సర్వీసు ఇనాం. 1956 ఇనాముల రద్దు చట్టం కింద చాలా చోట్ల ఆ ముల్లాల మనవలకు రైత్వారీ పట్టాలు వచ్చాయి. పట్టా చేతికొచ్చాక వాళ్లు సొంత నేల అనుకున్నారు, అమ్మారు. ఆ కొన్నవాడు ఇంకొకరికి అమ్మాడు. నేను గొలుసు లాగిన చోట్ల ఒకే సర్వే నంబరుకు మసీదు పేరు, ముల్లా మనవడి పేరు, ప్లాట్లు వేసినవాడి పేరు మూడూ చూశాను.

ఉగ్గాని బజ్జీ (కర్నూలు)

నా గోడు నేనే చెప్పుకుంటా. 2016లో కర్నూలు శివార్లలో నాలుగు సెంట్లు కొన్నా. ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల సర్టిఫికెట్) పదమూడేళ్లది తీశా, లింకు డాక్యుమెంట్లు చూశా, రిజిస్ట్రేషన్ సాఫీగా అయిపోయింది. 2022లో పాప పెళ్లికి అమ్ముదామని వెళ్తే కంప్యూటర్లో సర్వే నంబరు కొట్టి "ఇది 22-ఏ లిస్టులో ఉంది సార్, వక్ఫ్" అన్నారు. అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల లిస్టు. ఎప్పుడు ఎక్కింది, ఎవరెక్కించారు, ఎవరూ చెప్పరు. నాకు అమ్మిన వ్యక్తి తాత ఆ దర్గాకు ముతవల్లి అంట. ఆ సంగతి మాకు అమ్మినప్పుడు మాత్రం చెప్పలేదు. పెళ్లి అప్పుతో చేశా. ప్లాటు అట్లే ఉంది, ఏటా పోయి ముళ్లకంప కొట్టి వస్తా.

నల్లకోటు

ఉగ్గాని గారూ, బాధే. ముతవల్లి యజమాని కాదు, మేనేజరు. ఆస్తి దేవుడిది అని చట్టం అనుకుంటుంది. ప్రీవీ కౌన్సిల్ 1921లోనే ముతవల్లి ట్రస్టీ కూడా కాదంది. అతనికి లేని హక్కు మీకు ఎలా వస్తుంది? పట్టా వచ్చిందంటే వక్ఫ్ స్వభావం పోయిందనుకుంటారు జనం. 1998లో సయ్యద్ అలీ కేసులో, మన రాష్ట్ర వక్ఫ్ బోర్డు కేసే అది, ఇనాం చట్టం కింద పట్టా ఇచ్చినంత మాత్రాన వక్ఫ్ వక్ఫ్ కాకుండా పోదని సుప్రీంకోర్టు చెప్పింది. 2013 నుంచి అయితే అమ్మకం, దానం, తాకట్టు, మార్పిడి ఏవీ కుదరవు, కౌలు మాత్రం 30 ఏళ్లకు మించకుండా.

అట్లాగని లిస్టులో ఎక్కిన ప్రతి సర్వే నంబరూ వక్ఫే అని కూడా కాదు. సబ్‌డివిజన్ తప్పుపడితే పక్కవాడి నేల కూడా ఎక్కుతుంది. ఫెయిర్ ఇనాం రిజిస్టర్, ఆర్‌ఎస్‌ఆర్ (పాత రెవెన్యూ సర్వే రిజిస్టర్), గెజిట్ మూడూ సర్టిఫైడ్ కాపీలు తీసి పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఉంటే వక్ఫ్ ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. ఇదివరకు 107వ సెక్షన్ ఉండేది, వక్ఫ్ ఆస్తికి కాలదోషం పట్టదు, ఎన్నేళ్లయినా బోర్డు అడగొచ్చు. 2025లో దాన్ని తీసేసి లిమిటేషన్ చట్టం పెట్టారు. అట్లాగని "నేను కొని పదేళ్లయింది" అని ఇప్పుడే లడ్డూలు పంచకండి.

పేరెందుకు

చూశారా, ఏ ఊరికి పోయినా మీ నేల మాది అంటారు. ఈ చట్టమే ఎత్తేయాలి.

ఒంటిమిట్ట రోడ్

దేవాదాయ భూములు కూడా అదే 22-ఏ లిస్టులో అదే క్లాజు కింద ఉన్నాయి, తెలుసా? గుడి మాన్యం కొని మునిగినవాళ్లు మా వీధిలోనే నలుగురు. వాళ్లను అడుగు ఏ చట్టం ఎత్తేయాలో.

నిర్వాహకుడు

దీని తర్వాత వచ్చిన పదకొండు పోస్టులు తీసేశాను. టీవీ చర్చ కావాలంటే టీవీ పెట్టుకోండి. ఇక్కడ ఒకతను ఇంటి సమస్య అడిగాడు.

కారందోసె

నిన్న ఇంట్లో కూర్చున్నాం. నల్లకోటు సార్ లెక్క కాగితం మీద వేసి చూపించాను. 47 లక్షల మేర ఎట్లాగూ వక్ఫే అని తెలిశాక అన్న స్వరం మారింది. ఇప్పుడు అంటున్నాడు: "సరే, మొత్తం వక్ఫే అనుకుందాం. కానీ నేనే ముతవల్లిగా ఉంటా. బాడుగ నేనే వసూలు చేస్తా, మసీదుకు ఇవ్వాల్సింది నేనిస్తా." అమ్మకు సంతోషం. నాకెందుకో గుబులు.

సైకిల్ భాయ్

గుబులు పడాల్సిందే. తమ్ముడూ, కటువుగా చెప్తున్నా, ఏమీ అనుకోవద్దు. వక్ఫ్ ఆస్తులు పోయింది పరాయివాళ్ల వల్ల తక్కువ, ఇంట్లోని ముతవల్లుల వల్ల ఎక్కువ. మా దగ్గర ఒక అంగడి బాడుగ 1994లో 300. ఇప్పటికీ పుస్తకంలో 300. పక్క అంగడి 9 వేలు. మిగిలింది ఎవరి జేబులోకి పోతుందో ఊరంతా తెలుసు, అడిగితే "మా తాత రాసిన వక్ఫ్, మీకేం" అంటాడు. మొదటి తరం దేవుడికి భయపడి రాస్తుంది. మూడో తరానికి అది తాత ఆస్తి.

నల్లకోటు

అన్నగారు ముతవల్లి కావడంలో చట్టపరంగా తప్పులేదు. వక్ఫ్ చేసినవాడి కుటుంబం నుంచి పెట్టుకోవడం పాత పద్ధతే. కానీ ఆ పదవి వారసత్వంగా దానంతట అది పోదు, పత్రంలో రాస్తేనో ఆనవాయితీ ఉంటేనో తప్ప. జీతం పత్రంలో లేకపోతే కోర్టు నిర్ణయిస్తుంది, ఆదాయంలో పదో వంతుకు మించకుండా. ఏటా లెక్క బోర్డుకు పంపాలి. నికర ఆదాయంలో ఇదివరకు 7 శాతం వరకు బోర్డుకు కట్టేవాళ్లు, ఇప్పుడు 5 శాతం మించకూడదు. లక్ష దాటితే ఆడిట్. ఈ నాలుగు మాటలూ అన్నగారికి వినిపించండి, అప్పటికీ ఉత్సాహం ఉంటే మంచి ముతవల్లే.

ఇంకో సంగతి. మతపరమైన పని, అంటే నమాజ్ చేయించడం లాంటిది, లేనప్పుడు ముతవల్లిగా ఆడవాళ్లూ ఉండొచ్చు.

గోరింటాకు

ఆ చివరి వాక్యం పెద్దక్షరాలతో రాయాల్సింది సార్.

కారందోసె, మీ ఇంట్లో కూర్చున్నది ఎవరెవరు? ఆపా ఉందా?

కారందోసె

లేదు. ఆపా ఏమీ అనదు, తనకు నాన్న మాటంటే ప్రాణం.

గోరింటాకు

ఏమీ అనదో, ఎవరూ అడగలేదో.

నల్లకోటు

గోరింటాకు గారు చెప్పింది చట్టం కూడా. 13 లక్షల మేర ఒప్పుదల ఎవరి వాటాకు వాళ్లు ఇవ్వాలి, నాన్నగారు పోయిన తర్వాత ఇవ్వాలి. మీరు ఆపా తరఫున ఒప్పుకోలేరు. ఆ 13లో అమ్మగారికి ఎనిమిదో వంతు, 1,62,500. మిగిలినది 2:2:1. మీకూ అన్నకూ చెరి 4,55,000. ఆపాకు 2,27,500.

కాగితం సంగతి. నాన్నగారి నోటి వక్ఫ్‌ను సాక్షుల అఫిడవిట్లతో బోర్డులో నమోదు చేయించడం ఒక దారి. కానీ నమోదు కాని వక్ఫ్ తరఫున కోర్టుకెక్కడానికి 2025 సవరణ గట్టి అడ్డు పెట్టింది, రేపు ఎవరైనా ఎదురు తిరిగితే మసీదు చేతులు కట్టేసినట్టే. పాత వక్ఫ్‌ల వివరాలు ఉమీద్ పోర్టల్‌లో, అంటే వక్ఫ్ ఆస్తుల కోసం కేంద్రం పెట్టిన వెబ్‌సైట్‌లో, ఎక్కించడానికి ఇచ్చిన ఆరు నెలలు కూడా 2025 డిసెంబర్‌తో అయిపోయాయి, ఇక ట్రిబ్యునల్‌ను అడగాలి. నేనైతే నలుగురు వారసులూ కలిసి, నాన్నగారి మాటను ప్రస్తావిస్తూ, కొత్తగా వక్ఫ్‌నామా రాసి రిజిస్టర్ చేయించమంటాను.

హంద్రీ గట్టు

విడిపోని ఉమ్మడి వాటాను వక్ఫ్ చేయొచ్చా సార్? ఎవరైనా ఒకరు ఒప్పుకోకపోతే?

నల్లకోటు

మసీదు కట్టడానికో ఖబరస్తాన్‌కో అయితే విడదీయని వాటా పనికిరాదు. సమాధిలో వందకు డెబ్బై ఎనిమిది పాళ్లు అంటే ఎలా? ఇక్కడ అంగడి బాడుగే కాబట్టి పర్వాలేదు.

కారందోసె

వారం తర్వాత వస్తున్నాను, క్షమించండి.

ప్రొద్దుటూరు వెళ్లి ఆపాను అడిగాను. టీ ఇచ్చింది, కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "నాన్న ఇచ్చింది నాన్న ఇచ్చాడు, దాంట్లో నేను వేలు పెట్టను. పైన నాకు ఎంతొస్తుందన్నావు? అది నాకు కావాల. పిల్లకు ఇంజనీరింగ్ ఫీజు కట్టాల" అంది. ఇరవై రెండేళ్లలో ఆపా మమ్మల్ని ఏదైనా అడగడం ఇదే మొదటిసారి. నాకు సిగ్గేసింది, ఎందుకో చెప్పలేను.

ఆ 2,27,500 నేనిస్తానన్నాను, జూన్ లోపల రెండు విడతల్లో. అంగడిలో తన పాలు నాకు రాసిస్తుంది, నేను దాన్ని వక్ఫ్‌లో కలుపుతాను. అన్న తన 4,55,000 వదిలేశాడు. ఆడిట్ మాట విన్నాక ముతవల్లి పని వద్దన్నాడు, నవ్వుతూనే. అమ్మ ముతవల్లి, ఆమె తర్వాత మసీదు కమిటీ అని రాయిస్తున్నాం. బాడుగ మూడేళ్లకోసారి బజారు రేటుకు మార్చాలన్న షరతు సైకిల్ భాయ్ పుణ్యం.

మహర్ అమ్మను మళ్లీ అడిగాం, ఎవరూ లేనప్పుడు. "తీసుకుంటా" అంది. రెండు తులాలకు గాజులు చేయించమంది.

ఒక్క చిక్కు మిగిలింది. దస్తావేజులో హద్దులు రాయాలంట. నాన్న కొన్నప్పటి కాగితంలో తూర్పున "వేపచెట్టు" అని ఉంది. ఆ చెట్టు నేను పుట్టకముందే కొట్టేశారు.

సర్వే గొలుసు

ఆదివారం కడపలో మా మనవడి దగ్గరికి వస్తున్నా. పొద్దున పది లోపల అంగడి దగ్గర ఉండు బాబూ, టైలర్‌ను గది తెరిచి పెట్టమను. చెట్టు లేకపోతేనేం, మోరీ రాళ్లు పాతవే ఉంటాయి, వాటి నుంచి పట్టుకుంటాం. పాత డాక్యుమెంటు ఒరిజినల్ తే, జిరాక్స్ వద్దు.

ఉగ్గాని బజ్జీ

సార్, తిరుగు ప్రయాణంలో కర్నూలు మీదుగానా?